బావ సంతకం పెట్టని లిఫ్టు

మా బావతో పనిచెయ్యడం అంత తలనొప్పి ఇంకోటి లేదు. అక్క మొగుడు కాబట్టి ఆయన్ని ఆటపట్టించే హక్కు నాకుంది, బావమరిదిని కాబట్టి నన్ను భరించే ఖర్మ ఆయనకుంది. ఇరవై రెండేళ్లుగా ఒకే లిఫ్టుల కంపెనీలో ఒకే జట్టుగా ఇలాగే నెట్టుకొస్తున్నాం.

ఫోను సంగతే తీసుకోండి. లిఫ్టు ఆగిపోయిందని ఎవరైనా ఫోను చేస్తే మా పనిలో ఉన్న ప్రతివాడూ "దారిలో ఉన్నానండీ, ఐదు నిమిషాలు" అంటాడు. ఒంటికి సబ్బు రాసుకుంటూ ఉన్నా అదే మాట. మా బావ మాత్రం "ఇంకా ఇంట్లోనే ఉన్నానండీ. చొక్కా తొడుక్కుని, బండి తీసి మీ దగ్గరికి వచ్చేసరికి ముప్పావు గంట పడుతుంది" అంటాడు. అవతలివాళ్లు ఒంటికాలి మీద లేస్తారు. ఆ తర్వాత వాళ్లు చేసే ఫోన్లన్నీ ఎత్తి తిట్లు తినేది నేను, ఎందుకంటే ఆయన బండి నడుపుతూ ఫోను ముట్టుకోడు. ఇదేం చాదస్తం బావా అంటే, "ప్రభువు వెనక నడుస్తానని ఒప్పుకున్నాక మాట ఒకటీ మనిషి ఒకటీ అయితే ఎలా?" అంటాడు. ఆయన ప్రభువు వెనక, నేను ఆయన వెనక, తిట్లు నా వెనక.

పనిలో అందరూ ఆయన్ని బ్రేకు పాస్టరు అంటారు. మెషీన్ గది తలుపు తీశాక, పనిముట్లు బయటపెట్టే ముందు, అరనిమిషం కళ్లు మూసుకుంటాడు. అందుకు వచ్చిన పేరు. నిజానికి సంఘంలో ఆయనకున్న పదవి ఆదివారం కుర్చీలు వెయ్యడం, ఆరాధన అయ్యాక తియ్యడం. ప్రసంగం చెయ్యమంటే చెమటలు పడతాయి. నేనూ చర్చికి వెళ్తాను గాని, వెనక బెంచీ విశ్వాసిని. చివరి పాట మొదలయ్యేసరికి చెప్పుల దగ్గర ఉంటాను.

ఇప్పుడు ఆ లిఫ్టు సంగతికి వస్తాను. ప్రతి లిఫ్టుకూ మెషీన్ గదిలో ఒక కార్డు వేలాడుతుంటుంది. నెలనెలా చూసి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. సంవత్సరానికి ఒకసారి మాత్రం ఇంకో పరీక్ష ఉంటుంది. లిఫ్టు పెట్టె కింద రెండు ఇనుప దవడలు ఉంటాయి. ఎప్పుడైనా తాళ్లు తెగి పెట్టె జారిపోతే ఆ దవడలు అటూ ఇటూ ఉన్న పట్టాలను కరిచి ఆపాలి. చాలా లిఫ్టులకు వాటి అవసరం జన్మలో ఒక్కసారి కూడా రాదు. అందుకని ఆ పరీక్ష చెయ్యకుండానే చేశామని సంతకం పెట్టేవాళ్లు బోలెడంతమంది. నేనూ పెట్టాను, దాచేదేముంది. బావ మాత్రం ఖాళీ పెట్టెను దింపుతూ ఐదుసార్లు దవడలు పట్టించి చూస్తాడు. ఐదుకు ఐదూ పట్టాలి.

ఆ పాత ఐదంతస్తుల భవనంలో రెండే పట్టాయి. మూడుసార్లు పెట్టె దవడల్లోంచి జారిపోయింది. బావ మళ్లీ ఐదుసార్లు చేశాడు. మళ్లీ అంతే. కార్డు మీద సంతకం ఉండాల్సిన చోట పెద్ద అక్షరాలతో "దవడలు పట్టడం లేదు. మనుషులు ఎక్కకూడదు" అని రాసి, మెయిన్ స్విచ్చి ఆపేసి, మెషీన్ గదికి తాళం వేసి, ఆ తాళంచెవి తీసుకెళ్లి భవనం సెక్రటరీ గారి చేతిలో పెట్టాడు.

సెక్రటరీ గారు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆ భవనాన్నే ఆఫీసు చేసుకున్న మనిషి. బావను ఎగాదిగా చూశాడు.

"తాళ్లు బాగున్నాయా?"

"బాగున్నాయండీ."

"మోటారు?"

"అదీ బాగుంది."

"మరింకేం?"

"పడితే పట్టుకునేది బాగాలేదండీ."

"పడదు కదా."

"పడదనే అనుకుంటున్నాను. కానీ అనుకుని సంతకం పెట్టలేనండీ."

ఆ లిఫ్టు తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ దవడలు ఇంకెక్కడా దొరకవు. కొత్త లిఫ్టు పెట్టించుకోవాలంటే ఇళ్లవాళ్లందరూ ఒప్పుకోవాలి. కింది రెండు అంతస్తుల వాళ్లు మాకెందుకు, మేం మెట్లే ఎక్కుతాం అన్నారు. కంపెనీలో మా మేనేజరు కూడా విసుక్కున్నాడు గాని, రాసేసిన కార్డును చింపమని చెప్పే ధైర్యం ఆయనకూ లేకపోయింది. సరే, ఇక మనకు సంబంధం లేదని నేను చేతులు దులుపుకున్నాను. మూడో రోజు పొద్దున బావకు ఫోను వచ్చింది. నాలుగో అంతస్తు నుంచి.

నాలుగో అంతస్తులో ఒక టీచరమ్మ ఉంటుంది. రెండో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతుంది. చిన్నప్పుడే నడుము నుంచి కిందికి చచ్చుబడిపోయింది. చక్రాల కుర్చీలోనే తిరుగుతుంది. మేం ఎప్పుడూ మధ్యాహ్నం పూట వెళ్లేవాళ్లం, అప్పుడు ఆమె బడిలో ఉండేది. అంచేత అన్నేళ్లుగా ఆ లిఫ్టు చూస్తున్నా, అలాంటి మనిషి ఒకామె ఆ భవనంలో ఉందని మా ఇద్దరికీ తెలియదు.

తలుపు తీసే ఉంది. గదిలో స్విచ్చులన్నీ నడుము ఎత్తులో ఉన్నాయి. పుస్తకాలు, గిన్నెలు, దువ్వెన అన్నీ కూర్చుంటే అందేచోట ఉన్నాయి. ఎత్తులో ఉన్నది గోడ గడియారం ఒక్కటే, అది ఆగిపోయి ఉంది. ఆమెకు నలభై ఉంటాయేమో. మమ్మల్ని కూర్చోమనలేదు.

"కార్డు మీద రాసింది మీరేనా?"

"నేనేనండీ."

"పద్నాలుగేళ్ల నుంచి అందులో ఎక్కుతున్నాను. ఇన్నాళ్లూ పట్టేవా ఆ దవడలు?"

"నిరుడు పట్టాయండీ."

"ఆ తాళ్లు ఎప్పుడు తెగుతాయి?"

"ఎప్పటికీ తెగకపోవచ్చు."

"అంటే ఎప్పటికీ జరగని దానికోసం నేను ఈ గదిలో కూర్చోవాలి."

ఇంకొకరైతే నీళ్లు నమిలేవాళ్లు. బావ "అవునండీ" అన్నాడు. నాకు ఆయన కాలు తొక్కాలనిపించింది.

ఆమె కోప్పడలేదు. చాలా మామూలుగా చెప్పింది. "బడిలో వారం రోజులు చూస్తామన్నారు. తర్వాత ఇంకొకరిని పెట్టుకుంటారు. వాళ్ల తప్పేం లేదు, పిల్లలు ఊరికే కూర్చోరు కదా. ఈ ఉద్యోగం దొరకడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ఎక్కడికి వెళ్లినా మెట్లే. మెట్లు లేని బడి నాకు ఇదొక్కటే దొరికింది."

"మిమ్మల్ని మేం దింపుతామండీ," అన్నాడు బావ. "పొద్దునా, సాయంత్రం."

ఆ 'మేం'లో నేనూ ఉన్నానని మెట్లు దిగేటప్పుడు గాని నా బుర్రకు తట్టలేదు.

ఆ ఆదివారం పాస్టరు గారికి సంగతి ఎవరు చెప్పారో గాని, ఆయన బావను ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమన్నారు. మా సంఘంలో సాక్ష్యం అంటే చివరికి గెలిచి తీరాలి. రోగం తగ్గాలి, ఉద్యోగం రావాలి, వెక్కిరించినవాడు సిగ్గుపడాలి. సంతకం పెట్టనన్నాడట అని వినగానే అందరూ చప్పట్లు కొట్టారు. బావ చెమటలు కక్కుతూ మైకు పట్టుకున్నాడు. "నేను పెట్టలేదు, అంతే. దానివల్ల ఒకామె గదిలో ఉండిపోయింది. నా నమ్మకానికి నాకు చప్పట్లు, ఆమెకు గది. పొద్దున ఏడున్నరకు, సాయంత్రం నాలుగింటికి మోసేవాళ్లు కావాలి" అని కూర్చున్నాడు. సాక్ష్యం ఇలా కూడా ముగుస్తుందా అని అందరూ పాస్టరు గారి వంక చూశారు. తర్వాత పదకొండు చేతులు లేచాయి.

సోమవారం నలుగురు వచ్చారు. వాళ్లలో ఒకాయన ఫోటోలు తియ్యడానికే వచ్చాడు, టీచరమ్మ చూసిన చూపుకు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. రెండో వారానికి ఒకరికి నడుము పట్టేసింది, ఒకరికి డ్యూటీ మారింది, ఒకరి ఇంటికి అత్తగారొచ్చింది. మూడో వారానికి మిగిలింది బావా బావమరుదులం. నా భక్తి పెరిగి మిగిలానని ఎవరూ అనుకోవద్దు. ఆయన బండి వెనక సీట్లో కూర్చుని పనికి వెళ్లేవాణ్ని, ఆయన ఎక్కడ ఆగితే అక్కడ దిగాల్సిందే.

డెబ్బై రెండు మెట్లు. దిగేటప్పుడు ఆమె కుర్చీకి కిందివైపు నేను, పైవైపు బావ. మొదటి వారమంతా ఆమె కళ్లు మూసుకునే ఉండేది. మోసే వస్తువులా ఉండటం ఆమెకు ఎంత కష్టమో ఆ మూసిన కళ్లలోనే కనిపించేది. "నా తల మీదుగా మాట్లాడుకోకండి, నాతో మాట్లాడండి లేదా ఊరుకోండి" అని ఒకరోజు ముఖం మీదే చెప్పింది. తర్వాత్తర్వాత ఒళ్లో పిల్లల నోటు పుస్తకాలు పెట్టుకుని, ఎర్ర పెన్నుతో దిద్దుకుంటూ దిగేది. ఒకసారి మూడో అంతస్తు మలుపులో "ఆగండాగండి" అంది. ఏం విరిగిందో అని కుర్చీని అక్కడే దింపేశాం. ఒక పిల్ల కూడిక అంతా తప్పుగా చేసి, జవాబు మాత్రం సరిగ్గా తెచ్చిందట. అది ఎలా వచ్చిందో ముగ్గురం మెట్ల మీద ఆగి చాలాసేపు చూశాం, అంతుపట్టలేదు. ఆ రోజు ఆమె మొదటిసారి నవ్వింది.

బావకు యాభై నాలుగేళ్లు. మోకాలు ఎప్పటినుంచో నొప్పి. సాయంత్రం ఇంటికి వెళ్తే అక్క ఆ మోకాలికి కాపడం పెడుతూ, ఆయన్ని ఏమీ అనలేక నా మీద పడేది. "ఒరే తమ్ముడూ, పక్కనే ఉండి నువ్వేం చేస్తున్నావురా? ఆ సంతకమేదో నువ్వు పెట్టి పారేయకపోయావా?" నాకూ ఆ ఆలోచన రాలేదని కాదు.

ఆయన మాత్రం మోసి ఊరుకోలేదు. భోజనం వేళల్లో లేతు మిషను షాపుకు తిరిగి, పాత దవడల కొలతలతో కొత్తవి చేయించాడు. ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరం బిగించాం. ఐదింట్లో మూడు పట్టాయి. నేను ఆయన ముఖం వంక చూశాను. ఆయన ఇంకో ఐదు చేశాడు, మళ్లీ మూడే. మెయిన్ ఆపేశాడు. కింది అంతస్తు వాళ్లను టీచరమ్మతో ఇల్లు మార్చుకుంటారేమో అని అడిగాడు. వాళ్లు మంచినీళ్లిచ్చి, మర్యాదగా కుదరదన్నారు. ఏ తలుపు తట్టినా లోపల మనుషులున్నారు, దారి మాత్రం లేదు.

రెండు నెలలు దాటాక ఒక మంగళవారం పొద్దున. మెట్లు అప్పుడే తుడిచినట్టున్నారు, తడి ఆరలేదు. రెండో అంతస్తు దాటి మూడు నాలుగు మెట్లు దిగామేమో, నా కాలు జారింది. పడలేదు, నిలదొక్కుకున్నాను, కానీ కుర్చీ ఒక్క కుదుపుతో ముందుకు ఒరిగింది.

మా పనిలో మొదటి రోజు నేర్పేది ఒకటే. కదిలిపోతున్నదాన్ని పట్టుకోకు. తాడు గాని, బరువు దిమ్మ గాని చేతిలోంచి జారిందంటే పట్టుకోవాలని చూడకు, చేతులు తీసెయ్. పట్టుకున్నవాళ్ల వేళ్లు పోతాయి. నాకు అది నేర్పింది బావే. కొత్తలో నా మణికట్టు మీద చెక్కతో కొట్టి మరీ నేర్పాడు. పది వేళ్లూ ఇంకా ఉన్నాయంటే అది ఆయన చలవే. ఇరవై రెండేళ్లలో అది మా ఆలోచనలోంచి చేతుల్లోకి దిగిపోయింది. అందుకే కుర్చీ కదలగానే ఆయన చేతులూ, నా చేతులూ ఒక్కసారే వదిలేశాయి. మేం వదలలేదు, చేతులు వదిలేశాయి. ఈ మాట చెప్పుకోవడానికి ఎంత బాగుందో, ఆమెకు అంత పనికిరాదు.

కుర్చీ నన్ను రాసుకుంటూ ఐదు మెట్లు దొర్లి మలుపులో గోడకు కొట్టుకుంది. నోటు పుస్తకాలు కింది అంతస్తు దాకా పడ్డాయి. ఆమె అరవలేదు. కుడి మణికట్టు పట్టుకుని "విరిగింది" అంది. కుర్చీ తోసుకోవడానికి ఆమెకు రెండు చేతులూ కావాలి. బావ మెట్ల మీద కూలబడి తన రెండు అరచేతులనీ చూసుకుంటూ ఉండిపోయాడు. ఆంబులెన్సుకు ఫోను చేసింది నేనే.

పడిపోతుందేమో అని లిఫ్టు ఆపిన మనిషి. పడేసింది ఆయనే. ఆ మాట ఆయన ముందు ఎవరూ అనలేదు, అనక్కర్లేకపోయింది.

ఆసుపత్రిలో కట్టు వేశాక ఆమె మంచం దగ్గర నిలబడి "క్షమించండమ్మా" అన్నాడు. టీచరమ్మ కిటికీ వైపు తిరిగింది.

"మీరు చెడ్డవాళ్లయితే నాకు సులువుగా ఉండేది మెకానిక్ గారూ. నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. మీరు మంచివాళ్లు, నాకు తెలుసు. మీ మంచితనంతో నేనేం చేసుకోను? ఆ లిఫ్టు మళ్లీ నడిపించండి."

"నడిపించలేనండీ."

"అదీ తెలుసు," అని కళ్లు మూసుకుంది.

ఆ వారంలోనే సెక్రటరీ గారు వేరే కంపెనీని పిలిచాడు. ఒకాయన వచ్చి, పది నిమిషాలు పైన ఉండి, కొత్త కార్డు మీద సంతకం పెట్టి వెళ్లాడు. లిఫ్టు తిరిగింది. భవనమంతా ఊపిరి పీల్చుకుంది. నిజం చెప్పొద్దూ, నేనూ పీల్చుకున్నాను.

బావ కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. సంతకం పెట్టినాయన పనిచేసే చోటు కనుక్కుని వెళ్లి "దవడలు పట్టించి చూశారా?" అని అడిగాడు. "చూశానండీ" అన్నాడు ఆయన, బావ ముఖం తప్ప మిగతా అన్నిటివైపూ చూస్తూ. బావ లిఫ్టుల తనిఖీ ఆఫీసుకు మూడుసార్లు వెళ్లాడు. అక్కడి అధికారి రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూపించాడు. "మీది పాతది, ఆయనది తర్వాతది. తర్వాతది చెల్లుతుంది. అనుమానం మీద నేను తాళం వెయ్యలేను." సెక్రటరీ గారు "మా భవనంతో మీకిప్పుడు సంబంధం లేదు" అన్నాడు. బావ టీచరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాడు, పరీక్ష చేసి ఉండరని. ఆమె కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని విన్నది. "విన్నాను. రేపు ఎనిమిదికి బడి" అంది. పాస్టరు గారు "నీ వంతు చేశావు, ఇక ప్రభువు చేతుల్లో పెట్టు" అన్నారు. "పెట్టానండీ అయ్యగారూ. పెట్టాక నా చేతులేం చెయ్యాలో తెలియడం లేదు" అన్నాడు బావ. ఇద్దరూ మోకరించారు. నేను బయట బండి దగ్గర నిలబడ్డాను.

మర్నాటి నుంచి బావ పొద్దున్నే ఆ భవనానికి వెళ్లి, నాలుగంతస్తులు మెట్లెక్కి, ఆమెతో పాటు లిఫ్టులో దిగడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండింది.

"నువ్వెక్కితే బరువు పెరుగుతుంది బావా. పట్టని దవడల మీద ఇంకో మనిషి. నీకు నేను చెప్పాలా?"

"తెలుసు."

"మరెందుకు?"

"ఒక్కదాన్నే ఎలా పంపను బావమరిదీ?"

రెండు రోజులు అలాగే దిగారు. మూడో రోజు ఆలస్యమవుతోందని నేను కూడా పైకి వెళ్లాను. టీచరమ్మ కుర్చీ లిఫ్టులోకి తిప్పుకుంది, ఎడమ చేత్తోనే, రెండుమూడుసార్లు తంటాలు పడి. బావ లోపలికి అడుగుపెట్టాడు. ఆమె మీట నొక్కబోయి ఆగింది.

"మెకానిక్ గారూ, మీ బరువెంత?"

"డెబ్బై ఎనిమిది కేజీలండీ."

"అది ఆ దవడలకు మంచిదా, చెడ్డదా?"

ఒక్క అబద్ధం. ఈ జన్మకు ఒక్కటంటే ఒక్కటి చెప్పు బావా అని మనసులో బతిమాలాను. 'ఏం కాదులెండి' అంటే చాలు, ఆమె పక్కన నిలబడవచ్చు. ఆయన నోరు తెరిచాడు, మూశాడు.

"చెడ్డదండీ."

"అయితే దిగండి."

దిగాడు. తలుపు మూసుకుంది.

అప్పటినుంచి రోజూ ఇంతే. ఏడున్నరకు ముందే వెళ్లి నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపు బయట నిలబడతాడు. ఆమె వస్తుంది, తల ఊపుతుంది, లోపలికి వెళ్తుంది. ఆయన తలుపు పైన వెలిగే అంకెలు చూస్తూ పెదాలు కదుపుతాడు. ఏం ప్రార్థన చేస్తావు బావా అని అడిగాను ఒకరోజు. "మొదట్లో చాలా మాటలుండేవి. ఇప్పుడు అంకెలే మిగిలాయి" అన్నాడు. నాలుగు, మూడు, రెండు, ఒకటి. చివర్న ఆమెన్ బదులు 'కింద' అంటాడు. తర్వాత మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ మోకాలితో బేరమాడుతూ దిగుతాడు. అప్పటికి ఆమె సందు మలుపు తిరిగిపోయి ఉంటుంది.

ఈ పొద్దున నేనూ ఆయన పక్కన నిలబడ్డాను. నాలుగు అన్నాడు. మూడు అన్నాడు. రెండు అన్నాక అంకె అక్కడే ఆగిపోయింది. కింద తలుపు తెరుచుకున్న చప్పుడు, ఎవరో ఆడవాళ్ల మాటలు, ఒక నవ్వు. రెండో అంతస్తులో ఇద్దరు ఎక్కినట్టున్నారు. తలుపు మూసుకుంది, పెట్టె కదిలింది.

"ముగ్గురయ్యారు," అన్నాడు బావ. రెండు చేతులూ తలుపుకి ఆనించి, మళ్లీ "రెండు" అన్నాడు, ఈసారి కాస్త గట్టిగా.